మారువేషపు తరంగము



వంశధార కడలిలో కలియు చోట మా కళింగపట్నము గలదు. ఇచట నేనొకనాడు, కంప్యూటరునకు తగిలించు చిన్న చౌక రేడియో పరికరముతో వినుచుండగా, 13.8 మెగాహెర్ట్జ్‌ల వద్ద గడియారపు టిక్కుటిక్కులు వినవచ్చెను. క్రొత్త కేంద్రము దొరకినదని పొంగి దినచర్యలో వ్రాసికొంటిని. పాత రేడియోలో అచట నిశ్శబ్దము; ఆ గడియారము 15 వద్ద పలుకుచుండెను. చైనాదేశపు బి.పి.ఎం. మున్నగు కాలసంకేతములకు స్థానమదియే. కాలమును నిక్కముగా చెప్పు గడియారము తన చిరునామా విషయమున కల్లలాడుటేమి?

మా దీపస్తంభమును తలచుకొనుడు. దాని వెలుగు పది సెకండుల కొకమారు తిరుగుననుకొందము. తొమ్మిది సెకండుల కొకమారు మాత్రము కన్ను తెరచి చూచువానికి అది మెల్లగా వెనుకకు తిరుగుచున్నట్లు తోచును. వెలుగు దోషము కాదు, చూపు చాలకపోవుటయే దోషము. దీనినే ఏలియాసింగ్ అందురు.

తరంగపు ఆవృత్తికి రెట్టింపును మించి నమూనాలు తీయవలెనను సూత్రమునకు 1928లో హారీ నైక్విస్టు తంతివార్తల పరిశోధనలో పునాది వేసెను. 1933లో రష్యాలో కొతెల్నికొవ్ దానిని రేడియో వార్తలకు అన్వయించి నిరూపించెను. 1949లో క్లాడ్ షానన్ వ్యాసము దానిని లోకప్రసిద్ధము గావించెను.

టెలివిజను చూచుటకై చేసిన ఆర్‌టీఎల్ 2832యూ చిప్పు రేడియోగా కూడ పనికివచ్చునని 2012లో ఔత్సాహికులు చాటిరి. నా పరికరములోనిదియు అదియే. అది సెకండునకు 2 కోట్ల 88 లక్షల నమూనాలు తీయును. అందు సగము 14.4 మెగాహెర్ట్జ్‌లు. ట్యూనరును దాటించి హ్రస్వతరంగములను నేరుగా చిప్పున కందించినపుడు, ఆ హద్దునకు పైనున్న 15 అద్దములోవలె దిగువన 13.8 వద్ద కనబడును. 28.8 నుండి 15 తీసివేసిన మిగులునది అదియే కదా!

కంప్యూటరులో నమూనాల వేగమును 24 లక్షలనుండి 20 లక్షలకు మార్చి చూచితిని, గడియారము కదలలేదు. ఆ సంఖ్య చిప్పు తన లోపల వడపోసి పంపు నమూనాలది; కల్తీ అంతకుముందే జరిగిపోయెను. పాలలో నీరు కలిసిన పిదప జల్లెడ పట్టి యేమి లాభము? కావున ఏరియలునకు, పరికరమునకు నడుమ, హద్దునకు దిగువనుండియే కోయు వడపోత నమర్చితిని. గడియారము మూగవోయెను. హద్దు దరినున్న నిజమైన స్వరములును కొంత సన్నగిల్లెను. ఏ వడపోతయు గోడవలె నిటారుగా కోయజాలదు. అది చెల్లింపక తప్పని మూల్యము.

దినచర్యలో 13.8 కొట్టివేసి 15 అని దిద్దితిని. వినినది వినినట్లు వ్రాసినను తప్పు వ్రాసితిని. ఎట్లు వింటినో కూడ వ్రాసియుండినచో, చదువువాడైనను దానిని దిద్దుకొనగలిగెడివాడు.