కాచిగూడ బడి పంతులు, జకార్తా బంగారు పతకం

మన కర్ఖేలి స్టేషన్ మీదుగా పోయే రైలు పట్టాలు ధర్మాబాద్, బాసర, నిజామాబాద్ దాటి కాచిగూడ దాకా పోతాయి. ఆ కాచిగూడలో ఒక మిడిల్ స్కూల్లో ఒకప్పుడు పాఠాలు చెప్పిన పంతులుగారు, భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆసియా క్రీడల్లో రెండుసార్లు బంగారు పతకం తెచ్చిపెట్టారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. చరిత్ర వ్యాసం రాయమని సార్ చెప్పినప్పుడు మా తరగతిలో చాలామంది శివాజీ మహారాజ్ గురించి, కొందరు నిజాం గురించి రాస్తామన్నారు. నేను ఈ పంతులు గురించి రాస్తానన్నాను.

ఆయన మన నాందేడ్ వాళ్లకు పరాయి దేశం మనిషి కాదు. 1956 నవంబర్ 1 దాకా మన జిల్లా కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఆ రోజు మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. మా తాతను అడిగితే, "అప్పుడు మాకు బొంబాయి అంటే దూరం బిడ్డా, హైదరాబాదే దగ్గర. ఏ పని ఉన్నా రైలెక్కి అటే పోతుండె" అన్నడు. అంటే రహీం సాబ్ జట్లు కట్టిన ఆ రాష్ట్రం మన పెద్దల రాష్ట్రం కూడా.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, బాగా ఫుట్‌బాల్ ఆడారు, కానీ బతుకుతెరువుకు టీచర్ అయ్యారు. కాచిగూడ తర్వాత దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటలు తానే చూసుకున్నారు. మనం పీటీ సార్ అంటామే, అదే పని. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పేర్లు చెబితేనే ఎదుటి జట్టు సగం ఓడిపోయేది. సిటీ పోలీస్ జట్టులో ఉన్నవాళ్లు పోలీసు ఉద్యోగం చేసుకుంటూ ఆడే మామూలు మనుషులు. ఈ జట్టు 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌తో మొదట డ్రా చేసుకుని, మళ్లీ ఆడించినప్పుడు గెలిచింది. ఇక బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఎవరికీ ఇవ్వలేదు. కలకత్తాకు, హైదరాబాద్‌కు పోటీ అక్కడినుంచి ముదిరింది.

ఆయన ఈ జట్టును ఎట్లా తయారు చేశారన్నదే నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. పోటీల్లో నేర్పున్నవాడు బంతిని ఎవరికీ ఇవ్వకుండా ఒక్కడే డ్రిబుల్ చేసుకుంటూ పోతాడు, కుడికాలు బాగా ఆడేవాడు ఎడమకాలిని అసలు ముట్టుకోడు. అందుకని రహీం సాబ్ కొత్తరకం పోటీలు పెట్టారు. ఒకదానిలో బంతిని డ్రిబుల్ చేయకూడదు. ఇంకోదానిలో వాటం లేని కాలితోనే ఆడాలి. ఇట్లాంటి పోటీలో ఊళ్లో పేరున్న ఆటగాడు కూడా తడబడతాడు, పక్కవాడికి బంతి ఇవ్వక తప్పదు. పంతులు కాబట్టే ఈ ఆలోచన వచ్చిందని నాకనిపిస్తుంది. పరీక్ష కష్టంగా ఉంటే పిల్లలు ఒకరినొకరు అడిగి నేర్చుకుంటారు కదా! ఆటల నియమాలు బడుల్లో పుట్టడం కొత్తేమీ కాదు. ఇంగ్లండులోని రగ్బీ అనే ఊరి స్కూల్లో పిల్లలే 1845లో తమ ఆట నియమాలు రాసుకున్నారు, రగ్బీ ఆటకు ఆ పేరు ఆ బడి నుంచే వచ్చింది.

ఇక్కడ మా కబడ్డీ జట్టు సంగతి ఒకటి చెప్పాలి. తాలూకా పోటీలకు పోయినప్పుడు ఒక బడి పోరగాళ్లు మా మరాఠీని వెక్కిరించారు. మాకు కోపం వచ్చి అందరూ ఒక్కటయ్యారు, మొదటి సగం బాగా ఆడాం. కానీ మా జట్టులోనే ఇద్దరికి మాటల్లేవు. పీటీ సార్ వాళ్లిద్దరినీ ఒకే చైన్‌లో నిలబెట్టారు, చెయ్యి చెయ్యి పట్టుకోక తప్పలేదు. ఆ మ్యాచ్‌లో మేము నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. అయినా ఆ ఇద్దరూ కలిసి ఆపిన రైడ్ గురించి మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎదుటివాడి మీది కోపం కాసేపు కలుపుతుంది, తర్వాత మాత్రం పక్కవాడి చెయ్యే కావాలి. రహీం సాబ్‌కు ఈ చిక్కు దేశం మొత్తానికి ఎదురైంది.

ఎట్లాగంటే, భారత జట్టుకు కూడా ఆయనే కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి మనవాళ్లు బంగారం గెలిచారు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మనవాళ్లు చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు మరి! అక్కడినుంచి నాలుగేళ్లలో జట్టు ఎంత మారిందో చూడండి. 1956లో మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియా వాళ్ల సొంత గడ్డమీదే వాళ్లను 4-2తో కొట్టి, ఒలింపిక్స్ సెమీఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా జట్టు అయ్యింది. నాలుగో స్థానం వచ్చింది.

ఇప్పుడు 1962 జకార్తా. భారత జట్టులో ఎవరెవరున్నారు? కెప్టెన్ చునీ గోస్వామి మోహన్ బగాన్ మనిషి. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టి, రహీం సాబ్ దగ్గరే సిటీ పోలీస్‌లో ఆడి, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు పోయినవాడు. పీకే బెనర్జీ రైల్వే జట్టువాడు. జర్నైల్ సింగ్ పంజాబీ. సంవత్సరమంతా ఒకరినొకరు ఓడించడానికే ఆడినవాళ్లు, భాషలు కూడా వేరు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయారు. పైగా థాయ్‌లాండ్‌తో గెలిచిన మ్యాచ్‌లో జర్నైల్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి.

బయట కూడా గొడవే. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను రానివ్వలేదు. అది తప్పని భారత క్రీడా అధికారి జి.డి. సోంధీ అడ్డుచెప్పారు. దాంతో అక్కడి జనానికి మనవాళ్లంటే మంట పుట్టింది. బస్సు మీద మన జెండా కూడా పెట్టుకోలేని పరిస్థితి.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే కొరియా. స్టేడియంలో దాదాపు లక్షమంది, అందరూ మనకు వ్యతిరేకంగానే అరుస్తున్నారు. మన తరఫున చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లట! హాకీలో మనల్ని ఓడించింది కూడా వాళ్లే. ఇది చదివినప్పుడు నేను రెండుసార్లు వెనక్కి పోయి మళ్లీ చదివాను.

రహీం సాబ్ అప్పటికే జబ్బుతో ఉన్నారు. తన పిల్లలను, అంటే ఆటగాళ్లను, నాకొక బహుమతి కావాలని అడిగారంటారు. డిఫెన్స్‌లో ఆడే జర్నైల్‌ను, తలకు కుట్లతోనే, ముందు వరుసలో ఉంచారు. ఇది చాలామందికి పిచ్చిపనిలా కనిపించి ఉంటుంది. ఫ్లూ జ్వరంతో ఉన్న తంగరాజ్‌ను గోల్ దగ్గర నిలబెట్టారు. 20 నిమిషాలు గడిచేసరికే పీకే ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టేశారు. చివర్లో కొరియా ఒకటి తిరిగి కొట్టింది, అంతే. 2-1. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ బంగారం రాలేదు.

మరుసటి ఏడాది 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో చనిపోయారు. వయసు 53. ఆయన కొడుకు హకీం కూడా 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. 2024లో ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. మా ఇంట్లో అందరం ఫోన్‌లోనే చూశాం, తాత మాత్రం సినిమా ఆపించి మరీ పాత హైదరాబాద్ సంగతులు చెప్పిండు.

వాటం లేని కాలి పోటీ మన మైదానంలో కూడా పెడదామని పీటీ సార్‌ను అడిగాం. సరే, పేర్లు రాసుకురండి అన్నారు. ఇప్పటిదాకా పదకొండు పేర్లు వచ్చాయి. అందులో ఎనిమిది ఏడో తరగతి వాళ్లవే, మా పదో తరగతి పెద్ద ఆటగాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు.