ఇడితాల్: సవర ఇంటి లోగోడ రాత

ఇంటి లోపలి గోడకు రంగు అంటే ఇప్పుడు డబ్బా, బ్రష్షు, రోలరు గుర్తుకొస్తాయి. సవర ఇళ్లలో లోగోడకు మరో పని కూడా ఉండేది. చనిపోయిన పెద్దలకు, దేవతలకు అక్కడ చోటు చూపించేవారు. ఆ చోటే ఇడితాల్. సవర భాషలో ‘ఇడ్’ అంటే రాయడం. మన పెద్దల లెక్కలో అది గోడ మీద రాత.

సవరలు తూర్పు కనుమల ప్రజలు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ, సరిహద్దు అవతల ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లోనూ ఉన్నారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లాక ఒకే జాతి రెండు రాష్ట్రాల కిందకు వచ్చింది. 1940లలో అప్పటి గంజాం, కోరాపుట్ కొండల్లో తిరిగిన వెరియర్ ఎల్విన్ ఈ గోడ బొమ్మలను దగ్గరగా చూశాడు. 1955లో వచ్చిన ‘ద రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్’ అనే పుస్తకంలో వాటిని వివరంగా రాశాడు.

ఈ పనికి ఒక వరుస ఉంది. ఇంట్లో జబ్బు చేసినా, చనిపోయినవారిని తలుచుకోవాలన్నా, పంట బాగా పండాలన్నా బొమ్మ వేయించేవారు. ఎవరి కోసం వేయాలో పూజారి చెప్పేవాడు. ముందు గోడను ఎర్రమట్టితో అలికి ఆరనిచ్చేవారు. బియ్యప్పిండిని నీళ్లలో కలిపితే తెలుపు, మసితో నలుపు. చివర నలగ్గొట్టిన పుల్లే కుంచె. బొమ్మ వేసే మనిషిని ఇత్తల్‌మరన్ అనేవారు. అతను మొదట చుట్టూ గీత గీసేవాడు. ఆ గీత ఇల్లు. దాని లోపల గుర్రాల మీద మనుషులు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు, చెట్లు, కోతులు వచ్చేవి. కాలం మారేకొద్దీ సైకిలు, రైలు, విమానం కూడా ఆ ఇంట్లోకి వచ్చాయి.

బొమ్మ పూర్తయితే పని అయిపోయినట్టు కాదు. పూజారి ఆ పెద్దను పిలిచి, ఇల్లు చూసుకోమనేవాడు. ఏదైనా తక్కువైందని పూజారి నోట వస్తే అది కూడా గీసేవారు. గీత ఎంత తిన్నగా వచ్చిందన్నది ఒక్కటే శుభ్రతకు కొలత కాదు. ఉండాల్సినవన్నీ ఉన్నాయా అన్నదే అసలు కొలత. ఆ తర్వాత బొమ్మ ముందు నైవేద్యాలు వేలాడదీసేవారు.

ఇప్పుడు మట్టి గోడ పోయి సిమెంటు గోడ వస్తోంది. బొమ్మ గుడ్డ మీదకు, కాగితం మీదకు, అమ్మకానికి వెళ్లింది. కళాకారుడికి నాలుగు డబ్బులు రావడం మంచిదే. అయితే ఏ బొమ్మ ఎవరి కోసం వేసేవారో చెప్పే పెద్దలు తగ్గిపోతున్నారు. కొన్నిచోట్ల బడి గోడల మీద గిరిజన కళ పేరుతో మహారాష్ట్ర వార్లీ బొమ్మలు కనిపిస్తున్నాయి. వార్లీ గొప్ప కళే, కాదనలేం. కానీ సవర పిల్లవాడు తన తాత ఇంటి గోడను గుర్తుపట్టాలంటే అది చాలదు.

ఉపాధ్యాయులకు ఇక్కడ ఒక దారి ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గరే సవర భాష నేర్చుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆయన అడిగి తెలుసుకుని రాశారు. మనమూ అలాగే చేయవచ్చు. బడి గోడ మీద బొమ్మ వేయించే ముందు పిల్లల్ని ఊళ్లో ముసలివాళ్ల దగ్గరకు పంపండి. ఈ గుర్రం ఎవరిది, ఈ చెట్టు ఎందుకు, ముందు ఏ గీత గీయాలి అని అడగమనండి. చెప్పినవి సవర మాటల్లోనే నోటుబుక్కులో రాయించండి. పూజలో మాత్రమే వేయాల్సిన బొమ్మ ఇది అని పెద్దలు అంటే దాన్ని బడి గోడకు ఎక్కించకండి. కుంచె, రంగు డబ్బా ఆ తర్వాత తెరవవచ్చు.