గని మూసేశాక ఊరు ఎవరిది?

బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. అంతకు మూడేళ్ళ ముందే, 1902లో, కావేరి మీద శివనసముద్రం దగ్గర పుట్టిన కరెంటు దాదాపు 150 కిలోమీటర్లు తీగల మీద ప్రయాణించి కోలారు బంగారు గనులకి చేరింది. కేజీఎఫ్ గురించి రాసే ప్రతివాళ్ళూ ఈ ముక్క గర్వంగా చెబుతారు. నేనూ చెప్పేశాను. కానీ ఆ కరెంటు వచ్చింది గనిలో యంత్రాల కోసం. వెదురు తడికల గుడిసెల్లో ఉండే కూలీల కోసం కాదు.

ఈ తేడా పట్టుకుంటేనే తర్వాతి నూరేళ్ళూ అర్థమవుతాయి.

1880ల్లో లండన్ కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్ ఇక్కడ పని మొదలుపెట్టింది. లోపలికి దిగినవాళ్ళలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు వైపు నుంచి వచ్చిన దళితులు. మన చిత్తూరు 1911 దాకా ఆ జిల్లాలోదే. ‘తంగలాన్’ చూసినవాళ్ళకి ఈ వలస కొంత తెలుసు. ‘కేజీఎఫ్’ మాత్రమే చూసినవాళ్ళకి బొత్తిగా తెలీదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ గనుల్లో ముప్పై వేలకు పైగా మనుషులు పనిచేసేవారు. రాయి ఉన్నట్టుండి పేలిపోయే రాక్‌బరస్ట్‌లు, ఊపిరితిత్తుల్లో పేరుకునే రాతిధూళి వాళ్ళ జీతంలో భాగం. 1930లో, వేలిముద్రలు వేసి పేరు నమోదు చేసుకోవాలన్నప్పుడు వేలమంది పని ఆపేశారు. రోజూ బయోమెట్రిక్ మిషన్‌కి వేలు ఆనించి లోపలికెళ్ళే మాబోటివాళ్ళం ఆ సమ్మె గురించి కాస్త ఎక్కువే చదవాలి.

ఇల్లు కంపెనీది, నీళ్ళు కంపెనీవి, ఆసుపత్రి కంపెనీది. 1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని జాతీయం చేసింది, 1962లో అవి కేంద్రం చేతికి వెళ్ళాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. యజమాని మూడుసార్లు మారాడు. ఇంట్లో ఉండేవాడికి మాత్రం ఇల్లు సొంతం కాలేదు.

ఈలోగా రాయిలో బంగారం తగ్గుతూ వచ్చింది. తొలినాళ్ళలో టన్నుకి నలభై గ్రాములు దాటిన చోట చివరికి మూడు నాలుగు గ్రాములే మిగిలాయి. దాని కోసం మూడు కిలోమీటర్లకు పైగా లోతుకి దిగాలి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. పంపులు ఆగాయి, సొరంగాల్లో నీళ్ళు నిండాయి.

అదే 2001లో, డిసెంబరులో, జర్మనీలో ఎస్సెన్ నగరంలోని జోల్‌ఫెరైన్ బొగ్గుగని యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ గని 1986లోనే మూతపడింది. అక్కడి రాష్ట్రప్రభుత్వం ఆ స్థలాన్ని కొనేసి, కట్టడాలు కూల్చకుండా మ్యూజియం, డిజైన్ సంస్థలు పెట్టించింది. అంతకు చాలాముందే, 1965లో, పక్కనున్న బోఖుంలో గని కార్మికుల పిల్లలకి అందుబాటులో ఉండేలా విశ్వవిద్యాలయం తెరిచారు. అయినా ఆ రూర్ ప్రాంతంలో నిరుద్యోగం ఇప్పటికీ జర్మనీ సగటు కంటే ఎక్కువే. మ్యూజియం ఒక్కటీ ఊరిని బతికించదు. జర్మన్లు మొదలుపెట్టింది టూరిజంతో కాదు, నేలతో, చదువుతో.

చదువుకి కోలారులో కూడా పునాది ఉంది. 1965లో ఇక్కడి ఛాంపియన్ రీఫ్ గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ వాళ్ళతో కలిసి వాతావరణ న్యూట్రినోలని పట్టుకున్నారు. ప్రపంచంలో అవి తొలిసారి దొరికిన రెండు చోట్లలో ఇదొకటి. రెండోది దక్షిణాఫ్రికాలో ఇంకో బంగారు గని. 1988లో రాతి యాంత్రికశాస్త్రానికి ఒక జాతీయ సంస్థ ఇక్కడే పెట్టారు. తర్వాత దాని ప్రధాన కార్యాలయం బెంగళూరుకి వెళ్ళిపోయింది. సొరంగాలూ మెట్రోలూ దేశమంతా తవ్వుతున్న రోజుల్లో, లోతైన రాయి గురించి తరతరాలుగా తెలిసిన ఊరి నుంచి ఆ సంస్థని తీసుకుపోవడం నాకు గని మూత కంటే పెద్ద తప్పుగా కనిపిస్తుంది. గని మూయక తప్పలేదు. దీన్ని తరలించక తప్పదని ఎవరన్నారు?

ఊరు ఊరికే కూర్చోలేదు. తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి వంద కిలోమీటర్లు వెళ్ళి బెంగళూరులో పనిచేసి రాత్రికి తిరిగొస్తారు. జీతం ఊరికి వస్తుంది, మనిషి పడుకోవడానికి వస్తాడు. దీన్ని పునరుజ్జీవనం అనాలంటే నాకు నోరు రాదు.

ఇక సయనైడ్ దిబ్బలు. బంగారం తీశాక మిగిలిన బూడిదరంగు పిండి కొండల్లా పేరుకుంది. గాలికి ఆ దుమ్ము ఇళ్ళమీద పడుతుంది. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం, 1,003 ఎకరాల్లో ఉన్న 13 దిబ్బల్ని మళ్ళీ వడకట్టి బంగారం తీయడానికి ఒప్పుకుంది. లెక్క ప్రకారం అక్కడున్నది 3 కోట్ల 30 లక్షల టన్నులు. నేను దీనికి వ్యతిరేకం కాదు, ఆ దుమ్ము పోవాల్సిందే. కానీ ఇది ప్రొక్లైనర్లతో, ట్యాంకులతో అయ్యే పని. పాతకాలపు వేల ఉద్యోగాలు ఇందులో ఉండవు. అసలు విలువ పని అయ్యాక బయటపడే నేలది. రైలు స్టేషను పక్కన, బెంగళూరుకి వంద కిలోమీటర్లలో వెయ్యి ఎకరాలు! పక్క భూముల్లో ఇండస్ట్రియల్ పార్కు పెడదామన్న మాట ఇప్పటికే వినిపిస్తోంది. పార్కు మ్యాపు గీసేముందు, తాతల కాలం నుంచి ఉంటున్న లైన్ల ఇళ్ళకి పట్టాలిచ్చి, ఆ వెయ్యి ఎకరాల్లో ఊరికి రాసిచ్చేదెంతో తేల్చాలి. టెండరు షరతుల్లోనే అది రాసి ఉండాలి, దిబ్బ మీద మొదటి ప్రొక్లైనర్ దిగకముందే.