సప్రెసర్ కవర్
సప్రెసర్ కవర్ అనేది కాల్పుల శబ్దాన్ని తగ్గించేందుకు రైఫిల్ గొట్టం చివర బిగించే సప్రెసర్‌పై తొడిగే ఉష్ణనిరోధక తొడుగు. సప్రెసర్‌కు తొలి రూపాల్లో ఒకటైన సైలెన్సర్‌కు అమెరికాలో హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో పేటెంట్ పొందాడు. కాల్పుల్లో వెలువడే వాయువులు సప్రెసర్ లోహాన్ని వేడెక్కిస్తాయి. దానిపై నుంచి లేచే వేడిగాలి వల్ల రైఫిల్ టెలిస్కోప్‌లో లక్ష్యం అలలాడినట్లు కనిపిస్తుంది. తొడుగు ఈ ప్రభావాన్ని తగ్గిస్తుంది. చేతులు, దుస్తులు కాలకుండా కాపాడుతుంది.

తొడుగు ఎంపికలో కాల్పుల వేగం, సప్రెసర్ పొడవు, వ్యాసం ప్రధాన ప్రమాణాలు. నైలాన్ 6,6 సుమారు 265 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కనుక పై పొరకే తగినది. ఉష్ణనిరోధక వస్త్రమైన నోమెక్స్ కరగదు, దాదాపు 370 డిగ్రీల వద్ద మాడి బొగ్గవడం మొదలవుతుంది. అధిక వేడికి సుమారు 1,000 డిగ్రీలు తట్టుకునే సిలికా వస్త్రాన్ని లోపలి పొరగా వాడతారు. తొడుగు వేడిని నిలిపి ఉంచడం వల్ల సప్రెసర్ నెమ్మదిగా చల్లబడుతుంది.