మెత్తదనమే ప్రాణం

పావగడ తాలూకాలోని మంగళవాడ వంటి మెట్ట పల్లెల్లో కపిలతో నీళ్లు తోడిన రోజులు మీ ఇంటి పెద్దలకు గుర్తుండే ఉంటాయి. తోలు బాన తడిసి మెత్తగా ఉన్నంతకాలం ఎటు వంచితే అటు వంగుతుంది. ఎండి బిగుసుకుపోతే పనికిరాదు. మన ఒంట్లోని ఎర్ర రక్తకణం సంగతీ అంతే. ఈ చిన్న మాట తెలియడానికి మనిషికి దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది.

1661లో ఇటలీ వైద్యుడు మాల్పీఘీ కప్ప ఊపిరితిత్తుల్లో వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలు చూశాడు. వాటినే కేశనాళికలంటాం. 1674లో హాలండ్ బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ తాను సానపట్టిన కటకంతో ఎర్రకణాలను చూసి వర్ణించాడు. ఈ కణం వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతు చొప్పున ఏడెనిమిది వంతులు. సన్నని కేశనాళిక వెడల్పు ఐదు వంతులే. మరి ఎలా దూరుతుంది? ఈ కణంలో కేంద్రకం ఉండదు. పూర్తిగా నిండని తిత్తి వంటిది. అందుకే సందు రాగానే ముడుచుకుని, దాటగానే మళ్లీ బిళ్లలా విచ్చుకుంటుంది. ఇలా సుమారు 120 రోజులు తిరుగుతుంది. ముసలిదై బిరుసెక్కితే ప్లీహం దాన్ని పట్టి తొలగిస్తుంది.

ఆ మెత్తదనం ముందే పోతే? 1910లో షికాగో వైద్యుడు హెరిక్ ఒక విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు కణాలున్నాయని ప్రకటించాడు. ఆక్సిజన్ తగ్గితే కణాలు అలా వంకర తిరుగుతాయని 1927లో తేలింది. లోపం హిమోగ్లోబిన్‌లోనే ఉందని 1949లో పౌలింగ్ బృందం చూపింది. బిరుసెక్కిన కణాలు సన్నని నాళాలకు అడ్డం పడతాయి; ఎముకలు, కీళ్లు భరించలేనంత నొప్పి పెడతాయి.

ఇదెక్కడో పరదేశపు జబ్బు అనుకోకండి. 1952లో నీలగిరి గిరిజనుల్లో దీన్ని గుర్తించారు. మన తెలుగునాట ఆదిలాబాద్ అడవుల్లోనూ, విశాఖ మన్యంలోనూ ఉంది. తల్లికీ తండ్రికీ ఒక్కొక్క లోపపు జన్యువు ఉంటే, వారికి పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది.

కాబట్టి పెళ్లిచూపుల్లో జాతకాలతోపాటు రక్తపరీక్ష కాగితం కూడా అడగండి. నొప్పితో ఏడ్చే పిల్లవాణ్ణి సోమరి అనకండి. వాడి రక్తానికి దారి దొరకడం లేదేమో, డాక్టరుకు చూపించండి.