నంద్యాల ఎందుకు ఆగింది?

ప్రార్థనలో అడగడంతో పాటు దేవుని నడిపింపు కోసం కనిపెట్టడమూ ఉంది. అదెంత కష్టమో రాయలసీమ సంఘ చరిత్ర చూపిస్తుంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు, 1822 నుంచి లండన్ మిషను పనిచేసిన కడప ప్రాంతపు సంఘాలు అందులో చేరాయి. ఎస్‌పీజీ అనే ఆంగ్లికన్ మిషను పెంచిన నంద్యాల ఆంగ్లికన్లు చాలామంది చేరకుండా ఆగిపోయారు. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని పాదిరులున్న సంఘంలో చేరడానికి ఆంగ్లికన్లలో పలువురికి మనస్సాక్షి ఒప్పుకోలేదు. ప్రార్థించినవాళ్లు ఇరువైపులా ఉన్నారు.

అలాగైతే దేవుని స్వరమనేది మన ఇష్టానికి పెట్టుకున్న పేరేనా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ చీలిక నేర్పేది ఒకటే: ఒంటరిగా విన్నది చాలదు, దాన్ని లేఖనంతో, తోటి విశ్వాసుల మాటతో, కాలంతో సరిచూసుకోవాలి. తర్వాతి కాలంలో నంద్యాల కూడా దక్షిణ ఇండియా సంఘంలోనే డయోసిస్ అయింది. కాబట్టి ఆలస్యాన్ని అవిధేయతగా లెక్కకట్టకూడదు. స్పష్టత వచ్చేదాకా ఆగడం కూడా ప్రార్థనే.