ఎవరిదీ కాని లంక

ఇల్లినాయిస్‌లోని అరోరాకు బాలాజీ గుడి కోసం వచ్చే మనవాళ్లు దర్శనం కాగానే హైవే ఎక్కేస్తారు. నాకది బాధ. ఊరి నడిబొడ్డున, ఫాక్స్ నదిలో స్టోల్ప్ ద్వీపం ఉంది. ఉన్ని మిల్లు నడిపిన జోసెఫ్ స్టోల్ప్ పేరే దానికి నిలిచింది.

నదికి చెరోవైపు ఉన్న రెండు ఊళ్లు 1857లో ఒకటయ్యాయి. మరి ప్రభుత్వ కట్టడాలు ఏ ఒడ్డున? ఎంతకీ తెగలేదు. చివరికి అటూ ఇటూ కాని ఈ లంకనే ఎంచుకున్నారు. గోదావరి లంకల్లో పెరిగిన నాకు ఆ తీర్పు ఎంతో నచ్చింది. అంతర్యుద్ధ సైనికుల స్మారక మందిరం 1878లో, పారమౌంట్ థియేటర్ 1931లో ఇక్కడే వెలిశాయి. బడుల జిల్లాలు మాత్రం తూర్పు, పడమరలుగా నేటికీ వేర్వేరే.

ఈసారి గుడికొస్తే పిల్లల్ని తీసుకెళ్లి ఆ లంకను ఒడ్డులతో కలిపే వంతెనల మీద ఓ గంట నడవండి.